నేనెక్కని లిఫ్టు

ఫిబ్రవరి 4

ఇవాళ కూడా చెల్లి థాంక్స్ చెప్పింది. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి దించినందుకు ఒకటి. స్నానం చేయించినందుకు ఒకటి. జడ వేసినందుకు ఒకటి. దువ్వెన అందించినందుకు ఇంకొకటి. దువ్వెనకి కూడానా అన్నాను. సారీ అక్కా అంది.

థాంక్స్ చెప్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుందా? నాకు మండుతోంది.

మూడేళ్ళ క్రితం వానలో స్కూటర్ జారింది. చెల్లికి నడుము కింద స్పర్శ పోయింది. డాక్టర్లు కాళ్ళ గురించే చెప్పారు, నోటి గురించి ఎవరూ చెప్పలేదు. అంతకుముందు దాని నోటికి వీధి వీధంతా హడలిపోయేది. చిన్నప్పుడు రెండు పుల్లల ఐసు కొని మధ్యకి విరిస్తే ఒక ముక్క ఎప్పుడూ పెద్దదిగా వచ్చేది. అది లాక్కునేది. చిన్నదైనా నాకు సొంతంగా దక్కేది కాదు, ఒకసారి కొరికి మరీ ఇచ్చేది. గాడిదా, దున్నపోతా, ఇవి నా ముద్దుపేర్లు. అక్కా అని పిలిచిందంటే ఏదో కావాలన్నమాట.

ఇప్పుడు మాటకు ముందు అక్కా, మాట తర్వాత థాంక్స్. దాని ఉద్యోగం కూడా అలాంటిదే. ఇంట్లో కూర్చుని ఒక బస్సు టికెట్ల కంపెనీకి వచ్చే ఫోన్లు ఎత్తుతుంది. రోజంతా కస్టమర్లకు థాంక్స్ చెప్పి, మిగిలినవి నాకు వడ్డిస్తుంది.

అమ్మా నాన్నా లేరు. ఉన్నది మేమిద్దరమే. ఆ రాక్షసి నాకు కావాలి. పక్క గదిలోనే ఉంది, అయినా దాని మీద బెంగగా ఉంది.

ఫిబ్రవరి 6

ఆఫీసులో కొత్త రిపోర్టు నా నెత్తిన పడింది. బాగా డబ్బున్న ఇరవై రెండు దేశాలు. ఏ దేశం ఎంత పన్ను వేస్తుంది, ఏ దేశంలో ప్రభుత్వం ఎంత పెద్దది. డెన్మార్క్, ఫ్రాన్స్ పైన ఉన్నాయి. దేశం మొత్తం సంపాదించిన దాంట్లో నూటికి నలభై అయిదు అటూ ఇటూగా పన్నులకే పోతుంది. అమెరికాలో పావు వంతు, కాస్త ఎక్కువ. ఐర్లాండ్ ఇంకా కింద. కానీ ఐర్లాండ్ సంపాదనలో సగం అక్కడ బోర్డు మాత్రమే పెట్టుకున్న విదేశీ కంపెనీలది, కాబట్టి ఆ లెక్కను అలాగే నమ్మితే పప్పులో కాలేసినట్టే.

డైరెక్టరమ్మకు ఇవన్నీ అక్కర్లేదు. ఒకే చార్టు కావాలట. పెద్ద ప్రభుత్వం ఎడమ చివర, చిన్నది కుడి చివర. చూడగానే తెలిసిపోవాలట. చూడగానే తెలిసే విషయం కాదండీ అన్నాను. చదివేవాళ్ళు ఒక్కసారే చూస్తారు, రెండోసారి చూడరు అంది. అదీ నిజమే.

ఫిబ్రవరి 10

స్విట్జర్లాండ్ ఆరోగ్య బీమా పన్నా, కాదా? కట్టకపోతే ఊరుకోరు, కానీ కట్టేది ప్రైవేటు కంపెనీకి. రోజంతా దీనితోనే సరిపోయింది. ఇంటికొస్తే, తొందరగా వచ్చావు, థాంక్స్ అక్కా.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

డెన్మార్క్ గురించి చదువుతున్నాను. లేవలేని మనిషి ఉంటే మునిసిపాలిటీ ఇంటికి మనిషిని పంపుతుంది. స్నానం చేయించడానికి, బట్టలు తొడగడానికి. ఆ పంపిన మనిషి జీతం ప్రభుత్వం సైజులో కనబడుతుంది. ఇంకో దేశంలో ఆ పనే అక్క చేస్తుంది. అది ఎక్కడా కనబడదు. రెండుచోట్లా వీపు రుద్దే చెయ్యి చెయ్యే. ఒక దేశం పెద్దదవుతుంది, ఇంకో దేశం చిన్నదిగా, నాజూగ్గా కనబడుతుంది.

సరదాకి ఎక్సెల్ షీట్‌లో నన్ను నేను వెతుక్కున్నాను. ఏ కాలమ్‌లోనూ లేను.

దానికేం బాధ లేదు. లెక్కలో లేకపోతే నాకేం కొమ్ములు ఊడిపోవు. నా ఆలోచన వేరే. అక్కడ స్నానం చేయించుకున్న అమ్మాయి ఆ వచ్చినామెకు థాంక్స్ చెప్తుందేమో, చెప్పనీ. వాళ్ళక్కకి మాత్రం చెప్పదు. వాళ్ళక్క ఆదివారం వస్తుంది, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, ఇద్దరూ టీవీ రిమోట్ కోసం కొట్టుకుంటారు. నేనెప్పుడూ చూడని ఆ అక్కను చూసి కుళ్ళుకున్నాను. టిఫిన్ బాక్సు తెరిచి అలాగే కూర్చున్నాను.

ఫిబ్రవరి 24

ఏజెన్సీ ద్వారా ఒకామెను పెట్టి చూశాను. పొద్దున వచ్చి స్నానం చేయించి వెళ్ళేట్టు. చెల్లి ఆమెకు థాంక్స్ చెప్పింది. ఆమె వెళ్ళాక, ఆమెకు జీతమిస్తున్నందుకు నాకు థాంక్స్ చెప్పింది. ఒకటి ఉన్నచోట రెండయ్యాయి.

వారం తిరక్కుండా తనే ఆమెను మానిపించింది. నీ జీతమంతా నా మీద పోస్తున్నావక్కా, నాకు ముద్ద దిగట్లేదు అంది.

మార్చి 3

ఆదివారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఉంది. ఎప్పుడూ వెళ్ళేదాన్ని కాదు, ఎందుకంటే అక్కడ జరిగేది ఒకే గొడవ. పై అంతస్తులో ఒక రిటైర్డాయన ఉంటాడు. అందరూ లిఫ్టాయన అంటారు. కింది అంతస్తువాళ్ళు లిఫ్టుకి కట్టరు. మేం ఎక్కం కదా, ఎందుకు కట్టాలి అంటారు. బిల్డింగ్ అందరిదీ అయినప్పుడు లిఫ్టు కూడా అందరిదీ కాదా అని ఆయన ప్రతి మీటింగ్‌లోనూ లేస్తాడు. ఓడిపోయి కూర్చుంటాడు. ఆ కోపంతో లిఫ్టు పక్కన బోర్డు పెట్టించాడు: కట్టనివారు ఎక్కరాదు. మేం కింది అంతస్తే. కట్టం, ఎక్కం.

ఇవాళ ఆఫీసులో బుర్రలో ఏదో వెలిగింది. మా బిల్డింగ్ కూడా ఒక దేశమే కదా. అందరూ కలిసి ఒక ఆయాను పెట్టుకుంటే? పొద్దున మా చెల్లికి, తర్వాత రెండో అంతస్తులో చేతులు వణికే లెక్కల మాస్టారికి, మధ్యాహ్నం మూడో అంతస్తు కవలలకు. జీతం అసోసియేషన్ ఇస్తుంది. అప్పుడు చెల్లి ఎవరికి థాంక్స్ చెప్తుంది? బిల్డింగ్‌కి ఎవరైనా చెప్తారా?

ప్రతిపాదన రాశాను. రెండు పేజీలు, ఒక చార్టు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఫ్లాటుకింత అంటే అన్యాయం కాబట్టి, సంపాదించే ప్రతి మనిషీ తన సంపాదనలో నూటికి ఇంత అని పెట్టాను. చివర్లో చెల్లి గుర్తొచ్చి, నడవలేనివారికి పూర్తి మినహాయింపు అని కలిపాను. నా న్యాయబుద్ధికి నేనే మురిసిపోయాను.

మార్చి 9

పరువు పోయింది.

మీటింగ్ కార్లు పెట్టేచోట జరుగుతుంది. చెల్లి గది కిటికీ అటే. సంపాదనలో నూటికి ఇంత అనగానే కుర్చీలు కిర్రుమన్నాయి. సంపాదన ఎంతో ఇక్కడ చెప్పాలా, నేను మా ఆవిడకే చెప్పలేదు అన్నాడు మూడో అంతస్తాయన. పక్కనే ఉన్న ఆవిడ అదేంటన్నట్టు చూసింది. జీతం స్లిప్పులు లిఫ్టులో అంటిస్తారా అన్నారు ఇంకెవరో. ఇరవై రెండు దేశాలు చదివినదాన్ని, ఈ ఒక్కటి నాకు తట్టలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. లిఫ్టాయన కళ్ళజోడు పెట్టుకుని నా కాగితం మొదటి నుంచీ గట్టిగా చదివాడు. ఆఖరి లైను కూడా చదివాడు. నడవలేనివారికి పూర్తి మినహాయింపు.

బిల్డింగ్‌లో నడవలేనిది ఒక్కతే. అందరూ మా కిటికీ వైపు తిరిగారు. మొదటి అంతస్తావిడ, అయ్యో, ఆ పిల్ల దగ్గర ఎవరు తీసుకుంటారమ్మా, ఈ లెక్కలన్నీ ఎందుకు, తలా కొంత వేసి సాయం చేద్దాం అంది. మనసు మంచిదే. ఒకాయన అప్పుడే పర్సు తీశాడు.

కిటికీ మూసుకుంది. గట్టిగా కాదు. గట్టిగా మూసినా నాకు బాగుండేది.

మార్చి 10

చెల్లి మాట్లాడట్లేదు. ఎత్తి కూర్చోబెట్టాను, మాట లేదు. జడ వేశాను, మాట లేదు. మూడేళ్ళలో మొదటిసారి థాంక్స్ లేని రోజు. కోరుకున్నది ఇది కాదు.

మార్చి 11

నన్ను సున్నా అని రాశావు అంది.

నీ మంచికే కదే రాశాను అన్నాను. ప్రతిసారీ నా మంచికే అంది. రోజంతా చెవికి ఫోను తగిలించుకుని, బస్సు లేటైందని ఊళ్ళో వాళ్ళందరూ తిట్టే తిట్లు తింటున్నాను, అది సంపాదన కాదా అంది. అందరూ కట్టి నేనొక్కదాన్నీ కట్టకపోతే రేపు ఆయా వస్తుంది, బిల్డింగ్ మొత్తానికీ నేను థాంక్స్ చెప్పుకోవాలి, లిఫ్టాయనతో సహా, అది ఆలోచించావా అంది.

ఆలోచించలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నోరు మూసుకుని ఉండాల్సింది. కందను ముందు అడగాల్సింది.

మార్చి 12

ఆఫీసులో ఒక ఫుట్‌నోట్ దగ్గర ఆగిపోయాను. నేనే రాసింది.

డెన్మార్క్‌లో ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ మీద కూడా పన్ను ఉంటుంది. ఉద్యోగం పోయినవాళ్ళకిచ్చే భృతి మీద కూడా. ఈ చేత్తో ఇస్తుంది, ఆ చేత్తో కొంత తీసుకుంటుంది. అందుకే అక్కడి ఖర్చు పైకి కొండంత కనబడుతుంది. తీసుకున్నది తీసేసి చూస్తే, చిన్న ప్రభుత్వాలని చెప్పుకునే దేశాలకూ దానికీ తేడా బాగా తగ్గుతుంది. మరి మొదటే తక్కువ ఇస్తే పోలేదా, ఎందుకీ తిరగలి పని అని పోయిన నెలలోనే ఒక ముసాయిదా చూసి డైరెక్టరమ్మ అడిగింది. ఊరికే లెక్కల సౌకర్యం అయి ఉంటుందండీ అని కొట్టిపారేశాను.

అక్కడివాళ్ళు ఏ కారణంతో అలా చేస్తారో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు నా ఆలోచన వింటే నవ్వుతారేమో. కానీ ఇవాళ ఆ ఫుట్‌నోట్ చూస్తుంటే చెల్లి ముఖమే కనిపించింది. పెన్షన్ తీసుకునే ముసలాయన కూడా అక్కడ కట్టేవాడే. లైన్లో అతనూ నిలబడతాడు. సున్నా అని ఎవరినీ రాయరు.

ప్రేమ ఎక్కువై దాన్ని లైన్లోంచి నేనే బయటికి లాగేశాను. ఏడుపొచ్చింది. పక్క సీటాయన జలుబా అని అడిగాడు. అవునన్నాను.

మార్చి 30, మధ్యాహ్నం

చెల్లి మీటింగ్‌కి వచ్చింది!

వస్తానని పొద్దున్నే చెప్పింది. తోస్తానంటే వద్దంది. చక్రాలు తనే తిప్పుకుంటూ వెళ్ళి అందరి మధ్యలో ఆపింది. మనిషికి ఇంత, పెద్దవాళ్ళందరికీ ఒకటే రేటు, సంపాదన ఎవరూ చెప్పక్కర్లేదు, మినహాయింపులు లేవు అంది. తర్వాత లిఫ్టాయన వైపు తిరిగింది. నేనెక్కని లిఫ్టుకి ఈ నెల నుంచి నేను కడతాను, కింది అంతస్తు మొత్తం కట్టాలి, మీరు పిలవని ఆయాకి మీరు కట్టండి అంది.

ఇన్నేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదమ్మా అని లిఫ్టాయన లేచి నిలబడ్డాడు. ఆ సంబరంలో దేనికి ఒప్పుకున్నాడో చూసుకోలేదు. కూర్చున్నాక చూసుకున్నాడు. అయినా నేను ఆయాని ఎందుకు పిలుస్తానమ్మా అన్నాడు. నేను మీ నాలుగో అంతస్తుకి ఎందుకొస్తానండీ అంది చెల్లి. జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

మా పక్క ఫ్లాటావిడ మాత్రం చెల్లిని ఇంటిదొంగను చూసినట్టు చూసింది. కింది అంతస్తుదానివై ఉండి ఇదేం పని అంది. సరే, తిలా పాపం తలా పిడికెడు, ఓట్లు వేయండి అన్నాడు సెక్రటరీ. లెక్కల మాస్టారు చెయ్యెత్తారు. అది వణుకుతోంది. ఎత్తారా, ఊపుతున్నారా అని సెక్రటరీ అడిగాడు. ఎత్తాను, ఊగుతోంది, ఒకటే రాసుకో అన్నారాయన.

నెగ్గింది. అందరి ముందూ నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. కొడితే మళ్ళీ దాన్ని చిన్నపిల్లను చేసినట్టవుతుంది.

ఏప్రిల్ 8, ఉదయం

నిన్నటి నుంచి ఆయా వస్తోంది. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. స్నానాల గది తలుపు బయట టవల్ పట్టుకుని నిలబడ్డాను. లోపల చెల్లి, ఇవి నీళ్ళా నిప్పులా, నన్ను ఉడకబెడతావా అని అరిచింది. చల్లగా ఉన్నాయని నిన్న నువ్వే కదా అరిచావు అంది ఆయా. నిన్న నిన్న, ఇవాళ ఇవాళ అంది చెల్లి.

నా ప్రాణం లేచొచ్చింది. తలుపు సందులోంచి టవల్ అందించాను. థాంక్స్ అక్కా అంది, మెత్తగా.

ఏప్రిల్ 19

పొద్దుటిపూట ఏం చేయాలో తోచట్లేదు. పేపరు రెండుసార్లు చదివాను. చెల్లి వీపు మీద ఎడమవైపు చిన్న పుట్టుమచ్చ ఉంటుంది, రోజూ దాని పక్కనుంచే సబ్బు పెట్టడం మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ఆ మచ్చ ఆయాకి తెలుసు. ఆయా మీద అసూయగా ఉంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఉంది.

దాని తిట్లు తినే ఆయా, థాంక్సులు తినే నేను. ఎవరు సొంత మనిషి?

మే 6

రిపోర్టు ప్రింటుకి వెళ్ళింది. ఒకే చార్టు. డెన్మార్క్ ఎడమ చివరికి దగ్గర్లో, ఐర్లాండ్ కుడి చివర. పెన్షన్ మీద పన్ను గురించి ఒక పేరా రాశాను, ఇచ్చేవాళ్ళు తీసుకునేవాళ్ళు అని దేశంలో రెండు గుంపులుండవని. బాగుంది గానీ ఇది రిపోర్టు, ఉత్తరం కాదు అంది డైరెక్టరమ్మ. ఫుట్‌నోట్‌లోకి దించింది. కింది అంతస్తు మాకు అలవాటే అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

మే 17, సాయంత్రం

పని లేక ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. ఇంటికి తాళం. నా తాళంతో తీసి చూస్తే ఎవరూ లేరు. వీల్‌చైర్ లేదు. చెల్లి ఫోను మంచం మీద చార్జింగ్‌లో ఉంది. ఆయాకి చేస్తే ఎత్తదు. మూడేళ్ళలో ఆ ఇల్లు ఖాళీగా చూడలేదు నేను. ఆసుపత్రి తప్ప ఇంకేదీ బుర్రకు రాలేదు. చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తాను. పక్క ఫ్లాటావిడను అడిగితే నాకేం తెలుసు అంది. ఆవిడకు లిఫ్టు చార్జీ కోపం ఇంకా తగ్గలేదు.

మెట్ల దగ్గర మాస్టారు కనబడ్డారు. మీ చెల్లెలా, ఇందాక లిఫ్టులో డాబా మీదికి వెళ్ళిందే అన్నారు. లిఫ్టులోనా? లిఫ్టు నొక్కితే రాదు, పైన తలుపు వేసినట్టు లేరు. మెట్లెక్కాను. ఎలా ఎక్కానో తెలియదు.

డాబా మీద ఆరేసిన దుప్పట్లు. వాటి అవతల చెల్లి. పిట్టగోడ దగ్గర, జుట్టు విరబోసుకుని, గాలికి ముఖం పెట్టి కూర్చుంది. ఆయా ఒక మూల లిఫ్టాయన వాళ్ళావిడతో కబుర్లు చెప్తూ బట్టలు మడతపెడుతోంది. ఊరు మొత్తం కనబడుతోంది అక్కణ్ణుంచి. రైలు పట్టాలు, నీళ్ళ ట్యాంకు, మా పాత స్కూలు కూడా.

చూడగానే అరిచాను. చెప్పకుండా ఎలా వస్తావే, పిట్టగోడ పక్కన ఎవరు కూర్చోమన్నారు, ఏమన్నా అయితే, నా పై ప్రాణాలు పైనే పోయాయి తెలుసా అని.

చెల్లి వీల్‌చైర్ నా వైపు తిప్పింది. గాడిదా, నేను కట్టే లిఫ్టు, నేనెక్కాను, నీకు దణ్ణం పెట్టి ఎక్కాలా అంది.

నేను నోరు తెరిచేలోపు మొదలుపెట్టింది. జడ బిగించి బిగించి మూడేళ్ళుగా నాకు నుదురు నొప్పంది. వీల్‌చైర్ తోస్తావా, పందెంలో పరిగెత్తిస్తావా అంది. కూరలో ఉప్పెప్పుడూ తక్కువే అంది. స్నానం చేయిస్తూ కూనిరాగం తీస్తావే, అందులో ఒక్క స్వరం కూడా సరిగ్గా పలకదు, చెవులు మూసుకుందామంటే సబ్బు చేతులు అంది. కాగితం మీద నన్ను సున్నా అని రాస్తావా, నీ చదువు తగలెయ్య అంది. ఆయా మడత ఆపి వింటోంది. లిఫ్టాయన వాళ్ళావిడ మర్యాదకి అటు తిరిగి వింటోంది.

నేను దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డాను. కన్నీళ్ళు ఆగలేదు.

ఎందుకేడుస్తున్నావే దున్నపోతా అంది.

మే 18

రెండు పుల్లల ఐసు తెచ్చి విరిచాను. పెద్ద ముక్క లాక్కుంది. చిన్నది కొరికి ఇచ్చింది.